తీసుకున్నప్పుడు దండోరా, అమ్మినప్పుడు ఒక జీవో

మా చిన్నాన్న ఇంట్లో దూలానికి ఒక ఇనుప చువ్వ వేలాడుతూ ఉంటుంది. దానికి గుచ్చిన కాగితాలన్నీ చెరకువే. కటింగ్ ఆర్డర్లు, కాటా చీటీలు, బిల్లు రసీదులు. అడుగున ఉన్నవి ఫ్యాక్టరీ సర్కారుదిగా ఉన్నప్పటివి. పైన ఉన్నవి ప్రైవేటు చేతికి వెళ్ళాక వచ్చినవి. ఆ రెండింటి మధ్యలో నాలుగు మడతలు పెట్టిన ఒక జిరాక్సు కాపీ ఉంది. ఫ్యాక్టరీని అమ్మిన జీవో అది. అప్పట్లో రైతు సంఘం వాళ్ళు ఊరూరా పంచారు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చిన్నాన్న ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు ప్లీడరువి కదా బాబూ, ఇది సట్టమేటి? మనం ఓట్లేసి పంపినోళ్ళు అసెంబ్లీలో సేతులెత్తి అమ్మినారేటి, నేకపోతే ఆఫీసులో కూకొని అమ్మినారేటి?" అని అడిగాడు.

"చట్టం కాదు చిన్నాన్నా. కానీ చెల్లుతుంది" అన్నాను.

"సట్టం కానిది ఎలా సెల్లుతాది?"

విజయనగరం కోర్టులో ఇరవై ఏళ్ళకు పైగా ప్లీడరుగా ఉన్నాను. ఆ పూట ఆయనకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పండగ అయ్యాక ఇంటికొచ్చి పాత తీర్పులన్నీ మళ్ళీ తీసి చదివాను. అవి చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ జీవో సంగతి. రెండు పేజీలు. "పరిశీలించిన మీదట ప్రభుత్వం నిర్ణయించడమైనది" అనే ధోరణిలో సాగుతుంది. ధర ఉంది, కొన్నవారి పేరు ఉంది. కార్మికుల గురించి, రైతుల బకాయిల గురించి, భూమి గురించి ఏమని ఒప్పుకున్నారో లేదు. ఆ చోట "ఒప్పందంలోని షరతుల మేరకు" అన్న మాట ఉంది. చివర గవర్నరు ఉత్తర్వుల మేరకు, వారి పేరిట అని రాసి, కింద ఒక కార్యదర్శి సంతకం. రాజ్యాంగంలోని 166వ అధికరణం రాష్ట్ర ప్రభుత్వం తీసుకునే చర్యలన్నీ గవర్నరు పేరుతోనే వెలువడాలని చెబుతుంది. ఆ పేరు చూసి చాలామంది దాన్ని చట్టం అనుకుంటారు. గవర్నరుకు ఆ కాగితం గురించి తెలిసి ఉండాలని కూడా లేదు.

చట్టం కావాలంటే బిల్లు సభకు రావాలి, సభ్యులు ఓటెయ్యాలి, గవర్నరు ఆమోదించాలి. సభ జరగని రోజుల్లో తొందర పని పడితే 213వ అధికరణం కింద ఆర్డినెన్సు తేవచ్చు. అదైనా సభ మళ్ళీ కూడాక ఆరు వారాల్లో చట్టంగా మారకపోతే పోతుంది. అంటే ఆర్డినెన్సుకైనా సభ ముందు నిలబడే రోజు ఒకటి ఉంది. జీవోకి ఆ రోజు రాదు.

మరి ఎలా చెల్లుతుంది? 298వ అధికరణం వల్ల. కేంద్రానికి గానీ రాష్ట్రానికి గానీ వ్యాపారం చేసే అధికారం, ఆస్తి సంపాదించి ఉంచుకునే అధికారం, దాన్ని వదిలించుకునే అధికారం, ఒప్పందాలు చేసుకునే అధికారం ఉన్నాయని అందులో ఉంది. 1956లో ఏడో సవరణ ద్వారా ఇప్పటి రూపంలో రాసిన అధికరణం అది. దీనికి ఏడాది ముందు, 1955లో, రామ్ జవాయా కపూర్ కేసు వచ్చింది. పంజాబ్ ప్రభుత్వం బడి పుస్తకాల ప్రచురణ తన చేతిలోకి తీసుకుంది. చట్టం లేకుండా సర్కారు వ్యాపారంలోకి ఎలా దిగుతుందని ప్రచురణకర్తలు కోర్టుకెళ్ళారు. ప్రతి పనికీ ముందుగా చట్టం ఉండాల్సిన అవసరం లేదు, మంత్రివర్గం శాసనసభకు జవాబుదారీ కాబట్టి ఆ నమ్మకం మీద పని చేసుకోవచ్చు, అయితే ఉన్న చట్టానికి విరుద్ధంగా వెళ్ళకూడదు అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు వల్ల సర్కారు వ్యాపారంలోకి దిగడం సులువైంది. బయటికి రావడానికి కూడా ఇప్పుడు అదే వాదన పనికొస్తోంది.

2001లో బాల్కో కేసులో జరిగింది ఇదే. ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బాలో ఉన్న ఆ అల్యూమినియం కంపెనీలో 51 శాతం వాటాను కేంద్రం 551.5 కోట్లకు స్టెరిలైట్ అనే ప్రైవేటు కంపెనీకి అమ్మింది. కార్మికులు రెండు నెలలకు పైగా సమ్మె చేశారు, కోర్టుకు వెళ్ళారు. ఆ ఏడాది డిసెంబరు 10న తీర్పు వచ్చింది. అమ్మాలా వద్దా అన్నది ఆర్థిక విధానానికి సంబంధించిన విషయం, అందులో మంచిచెడ్డలు మేం చూడం, అమ్మే ముందు కార్మికుల వాదన వినాల్సిన బాధ్యత కూడా ప్రభుత్వానికి లేదు అని.

ఆ కేసులో మన ప్రాంతానికి ముడిపడిన సంగతి ఒకటి ఉంది. అనంతగిరి మండలంలో బొర్రా వైపు గనుల లీజుల మీద సమత అనే సంస్థ కేసులో 1997లో వచ్చిన తీర్పును బాల్కో కార్మికులూ ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమూ కోర్టులో ప్రస్తావించారు. ఏజెన్సీలో సర్కారు భూమినైనా గిరిజనేతరులకు ఇవ్వడానికి వీల్లేదని ఆ తీర్పు చెప్పింది. దాని వెనక, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్ళకుండా ఆపే మన రాష్ట్రపు 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ ఉంది. కోర్బా కూడా గిరిజన ప్రాంతమే కదా, సర్కారు కంపెనీకి ఇచ్చిన భూమి వాటాల అమ్మకంతో ప్రైవేటుకు చేరితే ఎలా అని వాళ్ళు అడిగారు. సమత తీర్పు మీద తమకే గట్టి సందేహాలున్నాయని బాల్కో కేసు విన్న న్యాయమూర్తులు రాశారు. మన రెగ్యులేషన్, కోర్బాకు వర్తించే మధ్యప్రదేశ్ చట్టంలాంటిది కాదని పక్కన పెట్టారు. ఏజెన్సీ కేసులు చూసే మాలాంటి వాళ్ళకు ఆ పేరా చదివినప్పుడల్లా టెన్షనే. సీతంపేటలోనో భద్రగిరిలోనో గిరిజనుడి భూమికి ఉన్న ముఖ్యమైన రక్షణ ఆ రెగ్యులేషనే. అది చట్టబద్ధంగా కాగితం మీద ఉంది కాబట్టి ఇప్పటికీ వాదించగలుగుతున్నాం.

బాల్కో తర్వాత ఇక అంతా అయిపోయిందనుకున్న రోజుల్లో, 2003 సెప్టెంబరు 16న ఇంకో తీర్పు వచ్చింది. హిందూస్థాన్ పెట్రోలియం, భారత్ పెట్రోలియం కంపెనీల్ని అమ్మాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. సెంటర్ ఫర్ పబ్లిక్ ఇంటరెస్ట్ లిటిగేషన్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. వాళ్ళ వాదన చాలా సూటిగా ఉంది. ఈ కంపెనీలు మొదట ఎస్సో, బర్మా షెల్, కాల్టెక్స్ అనే విదేశీ కంపెనీలవి. 1974లో, 1976లో, 1977లో పార్లమెంటు చట్టాలు చేసి వాటిని దేశం చేతిలోకి తెచ్చింది. ప్రజల ఉమ్మడి మేలు కోసం తీసుకుంటున్నామని ఆ చట్టాల్లోనే రాసింది. పార్లమెంటు చట్టం చేసి తెచ్చినదాన్ని మంత్రివర్గం ఒక తీర్మానంతో ఎలా అమ్ముతుంది? కోర్టు ఒప్పుకుంది. ముందు ఆ చట్టాల్ని సవరించండి, లేదా రద్దు చెయ్యండి, అంతవరకు అమ్మడానికి వీల్లేదు అంది.

ఆ మూడింటిలో కాల్టెక్స్ రిఫైనరీ మన విశాఖలోదే. 1957లో మొదలైంది. మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ దాన్ని కాల్టెక్స్ అనే అంటారు. ఆ తీర్పు వచ్చిన రోజు మా సీనియర్ ప్లీడరు గారు ఆఫీసులో అందరికీ టీ తెప్పించిన సంగతి నాకు గుర్తు. చట్టంతో కట్టిన తాళం చట్టంతోనే తియ్యాలి అన్నారాయన. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది.

తర్వాత ఆ తాళం ఎలా తీశారో చూడండి. 2016లో పాతబడిన, అక్కరలేని చట్టాల్ని పుస్తకాల్లోంచి తీసేసే చట్టం ఒకటి వచ్చింది. ఒక్క దెబ్బకు ఎన్నో చట్టాలు పోయాయి. తర్వాత భారత్ పెట్రోలియంగా మారిన బర్మా షెల్‌ను జాతీయం చేసిన 1976 చట్టం ఆ జాబితాలో ఉంది. సుప్రీంకోర్టు ఏ చట్టాన్ని చూపించి అమ్మకం ఆపిందో ఆ చట్టాన్ని అక్కరలేనిదిగా లెక్కగట్టారు. 2019 నవంబరులో భారత్ పెట్రోలియంలో ఉన్న దాదాపు 53 శాతం వాటా అమ్మడానికి మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. కొనేవాళ్ళు వెనక్కి తగ్గడంతో 2022 మేలో ఆ అమ్మకాన్ని ఆపేశారు. ఆగింది బేరం కుదరక. ఈసారి అడ్డుపెట్టడానికి చట్టం లేదు.

చట్టపరంగా చూస్తే ఇందులో తప్పు పట్టలేం, రద్దు చేసింది పార్లమెంటే. నా బాధ వేరు. ఈ కంపెనీని అమ్మాలా వద్దా అని సభలో ఎవరూ నిలబడి అడగలేదు. పాత కాగితాలు ఊడ్చే పనిలో ఆ ప్రశ్న కూడా ఊడ్చుకుపోయింది.

హిందూస్థాన్ జింక్ కథ ఇంకా బాధ పెడుతుంది. 1976లో చట్టంతోనే జాతీయం చేసిన గనులు అవి. 2003 తీర్పుకు ఏడాది ముందే, 2002లో, 26 శాతం వాటాతో పాటు యాజమాన్యాన్ని కూడా ప్రైవేటుకు ఇచ్చేశారు. విశాఖలో ఉన్న ఆ కంపెనీ జింక్ స్మెల్టర్ తర్వాత కొన్నేళ్ళకు మూతపడింది. 2021 నవంబరులో సుప్రీంకోర్టు, మిగిలిన వాటా ప్రభుత్వం అమ్ముకోవచ్చంటూనే, 2002 అమ్మకం మీద సీబీఐ కేసు నమోదు చెయ్యాలని ఆదేశించింది. పందొమ్మిదేళ్ళ తర్వాత! అన్నేళ్ళు గడిచాక విచారణ ఏం తేల్చినా, విశాఖలో ఆ గేటు ముందు నిలబడ్డ కార్మికుడికి ఒరిగేదేముంది?

ఇప్పుడు విశాఖ ఉక్కు దగ్గరికి వద్దాం. మా రెండు జిల్లాల వాళ్ళకు అది పక్క జిల్లా ఫ్యాక్టరీ కాదు. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి వెళ్ళి గాజువాకలో స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. ఉక్కుకు కావలసిన మాంగనీసు కోసం గర్భాంలో సొంత గని ఉంది, అది విజయనగరం జిల్లాలోనే. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అనే కంపెనీ పెట్టారు. ఇక్కడే మెలిక ఉంది. ఆ కంపెనీని పెట్టింది కంపెనీల చట్టం కింద, రిజిస్ట్రారు దగ్గర కాగితాలు దాఖలు చేసి. "విశాఖ ఉక్కు ఉమ్మడి మేలు కోసం ప్రభుత్వం చేతిలో ఉండాలి" అని పార్లమెంటు చేసిన చట్టం ఒక్కటీ లేదు. అందుకే 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం ఇచ్చినప్పుడు, 2003 తీర్పును నేరుగా పట్టుకోవడానికి వీలు లేకపోయింది. అదే ఏడాది మేలో మన శాసనసభ అమ్మొద్దని తీర్మానం చేసింది. కేంద్రం దానికి కట్టుబడాల్సిన పని లేదు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, దానికి సంతోషమే. కానీ ఆ ప్యాకేజీ కూడా మంత్రివర్గ నిర్ణయమే. ఒక నిర్ణయంతో వచ్చిన ఊపిరి ఇంకో నిర్ణయంతో పోవచ్చు.

చిన్నాన్న అడిగిన ప్రశ్నకు తీర్పులన్నీ కలిపి చెప్పే జవాబు ఇదీ: ఆస్తి సర్కారు చేతికి చట్టంతో వస్తే, అమ్మాలంటే చట్టం మార్చాలి. కంపెనీ కాగితాలతో పుడితే, సంతకం చాలు. విదేశీ కంపెనీ దగ్గర కొన్న రిఫైనరీకి 2003లో పార్లమెంటు చట్టం కాపలా కాసింది, 32 మంది చనిపోయి సాధించుకున్న ఉక్కు ఫ్యాక్టరీకి ఆ కాపలా లేదు. ఇది న్యాయమని నాకు అనిపించదు. 298వ అధికరణం అమ్మే అధికారం ఇచ్చిందని ఒప్పుకుంటాను. కానీ శాసనం చేసి ఆ అధికారానికి హద్దు పెట్టవచ్చు. ఆ హద్దు పెట్టమని అడగాలని నేనంటున్నాను.

ఎందుకు అడగాలో చెబుతాను. ఫ్యాక్టరీ కట్టాలంటే ముందు భూమి కావాలి. 2013 దాకా భూసేకరణ జరిగింది 1894 చట్టం కింద. నాలుగో సెక్షను కింద గెజిట్లో ప్రకటన, ఊళ్ళో చాటింపు. దండోరా వేసి, చావడి గోడకు కాగితం అంటించేవారు. 5-ఎ కింద ముప్పై రోజుల్లో అభ్యంతరాలు చెప్పుకునే వీలుండేది. ఆరో సెక్షను కింద ఇది ప్రజా ప్రయోజనం కోసమేనని మళ్ళీ ప్రకటన. అత్యవసరం పేరుతో అభ్యంతరాలు వినకుండా తీసుకున్న సందర్భాలూ చాలా ఉన్నాయి, అవి కూడా చట్టంలో రాసి ఉన్న దారిలోనే. ఒకసారి సర్కారు పరమయ్యాక ఆ భూమి రైతుకు తిరిగి వచ్చేది కాదు. ఇన్ని మెట్లెక్కి తీసుకున్న నేలను, దాని మీద కట్టిన ఫ్యాక్టరీతో సహా ఇంకొకరికి అప్పగించేటప్పుడు ఊళ్ళో చాటింపు లేదు, అభ్యంతరాల గడువు లేదు, సభలో ఓటు లేదు. ప్రజా ప్రయోజనం ఇప్పుడు ఏమైందో చెప్పాల్సిన బాధ్యత కూడా ఎవరి మీదా లేదు.

తీసుకోవడానికి చట్టం చెయ్యడం మన సర్కార్లకు చేతకాని పని కాదు. ఆర్టీసీ ఉద్యోగుల్ని ప్రభుత్వ ఉద్యోగులుగా చేసుకోవడానికి 2019లో మన శాసనసభ ప్రత్యేకంగా చట్టం చేసింది. 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. వాళ్ళు ఈ రోజు నిశ్చింతగా ఉన్నారంటే ఆ చట్టం వల్ల.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మా ఫ్యాక్టరీ చేతులు మారిన కొన్నేళ్ళకు చెరకు బకాయిలు పేరుకుపోయాయి. చిన్నాన్నకు రెండు సీజన్ల డబ్బు రావాలి. రైతులు నా దగ్గరికి వచ్చారు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు కట్టాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ. ఆ ఉత్తర్వు నిత్యావసర సరుకుల చట్టం కింద వచ్చింది. దాన్ని పట్టుకుని అర్జీలు పెట్టాం, ధర్నాలు చేశారు. అసలు చాలా ఆలస్యంగా, విడతలుగా వచ్చింది. వడ్డీ రాలేదు. అయినా అడగడానికి ఒక ఆధారం ఉంది.

అప్పుడే నేను ఇంకో పని చేశాను. జీవోలో ఉన్న ఆ "ఒప్పందంలోని షరతులు" ఏమిటో చూద్దామని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ఫ్యాక్టరీని ఎన్నేళ్ళు నడపాలని రాసుకున్నారు? భూమిని వేరే పనికి వాడకూడదని ఉందా? బకాయిల బాధ్యత ఎవరిది? ఇవే నా ప్రశ్నలు. వాణిజ్య రహస్యం కాబట్టి ఇవ్వలేమని జవాబు వచ్చింది. అప్పీలు వేస్తే అదే జవాబు. మా ఊరి చెరకుతో నడిచిన ఫ్యాక్టరీని, మా పేరు మీద ఎన్నికైన ప్రభుత్వం అమ్మితే, ఆ ఒప్పందం మాకు రహస్యం! ఆ ఉత్తరం పట్టుకుని కోర్టు వరండాలో చాలాసేపు నిలబడిపోయాను. అదే షరతులు ఒక చట్టంలో ఉండి ఉంటే నేను ఎవరినీ అడగాల్సిన పని లేదు. గెజిట్ కొనుక్కుని చదివేవాణ్ణి.

సహకార ఫ్యాక్టరీల విషయం ఇంకా విచారం. ఆమదాలవలసలో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది, భీమసింగిలోనూ గానుగ ఆగిపోయింది. సహకార ఫ్యాక్టరీ అంటే వాటా సొమ్ము కట్టిన రైతులది, సర్కారు అందులో పెట్టుబడి పెట్టిన భాగస్వామి మాత్రమే. దాని భవిష్యత్తును సచివాలయంలో తేల్చడం మొదలైతే అసలు యజమాని ఎవరన్న ప్రశ్నే మరుగున పడిపోతుంది. ఆమదాలవలస మీదుగా రైల్లో వెళ్ళినప్పుడల్లా నాకు ఆ వాటాదార్లు గుర్తొస్తారు.

నాతో వాదించే మిత్రులు ఉన్నారు. ప్రతి అమ్మకాన్నీ సభకు తీసుకెళితే ఏ కొనుగోలుదారుడూ ముందుకు రాడు, ఈలోగా నష్టాలు పెరిగి ఉన్న ధర కూడా పోతుంది అంటారు. నష్టాల మాట నిజమే. సర్కారు నడపక్కర్లేని వ్యాపారాలు ఉన్నాయని నేనూ ఒప్పుకుంటాను. ఒక హోటల్‌ను ప్రభుత్వం అమ్మితే నాకు బాధ లేదు. కానీ సభకు వెళితే అమ్మకాలు ఆగిపోతాయన్నది నిజం కాదు. ఎయిరిండియాను 1953లో చట్టంతో జాతీయం చేశారు. 1994లో పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దు చేసి దాన్ని కంపెనీగా మార్చింది. 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్ళింది. ఎల్ఐసీ వాటాలు 2022లో మార్కెట్లోకి రావడానికి ముందు, 2021లో 1956 నాటి చట్టాన్ని సవరించారు. బ్రిటన్‌లో టెలికాం కంపెనీని అమ్మినప్పుడు 1984లో ప్రత్యేకంగా చట్టం చేశారు. 

ప్రకటన ఒక్కదానితో అమ్మిన దేశం ఉందా అంటే ఉంది. 1986 డిసెంబరులో ఫిలిప్పీన్స్ అధ్యక్షురాలు కొరజాన్ అక్వినో 50వ నంబరు ప్రకటనతో ప్రభుత్వ ఆస్తుల అమ్మకానికి ఒక ట్రస్టునే ఏర్పాటు చేశారు. అంతకుముందు అధ్యక్షుడిగా ఉన్న మార్కోస్ పడిపోయాక పాత సభ రద్దయి, కొత్త రాజ్యాంగం ఇంకా రాని రోజులవి. తాత్కాలిక రాజ్యాంగం ప్రకారం శాసనాలు చేసే అధికారం కూడా ఆమెదే కాబట్టి ఆ ప్రకటనకు చట్టం బలం ఉంది. మన దగ్గర సభ ఉంది. ఏడాదికి కొన్ని రోజులైనా నడుస్తోంది. అది ఉండగా దాన్ని దాటి వెళ్ళడానికి మన ప్రభుత్వాలకు అంత అవసరం ఏమొచ్చింది?

ఉమ్మడి రాష్ట్రంలో నిజామ్ షుగర్స్ అనే సర్కారు చక్కెర కంపెనీలో 51 శాతం వాటాను 2002లో అమ్మారు. ప్రభుత్వం మారాక సభాసంఘం వేసి ఆ అమ్మకాన్ని విచారించారు. అంటే శాసనసభ్యులకు ఆ ఒప్పందాన్ని చదివి తప్పొప్పులు చెప్పే శక్తి ఉందనే కదా. అదే పని అమ్మకానికి ముందు చేయించాలి.

నేను కోరేది ఒక చిన్న చట్టం. ప్రభుత్వ సంస్థలో సగానికి మించిన వాటా గానీ, యాజమాన్యం గానీ చేతులు మారేటప్పుడు శాసనసభ ఓటు ఉండాలి. ఆ ఓటుకు ముందు ఒప్పందం మొత్తం సభ బల్ల మీద పెట్టాలి. ప్రజా ప్రయోజనం కోసం సేకరించిన భూమి అందులో ఉంటే, ఆ ఊళ్ళలో చాటింపు వేసి అభ్యంతరాలు వినాలి. రాష్ట్ర సంస్థల వరకు మన శాసనసభ ఈ పని రేపే చెయ్యగలదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. కేంద్ర సంస్థలకు పార్లమెంటు చెయ్యాలి.

దీన్నే ఒక అర్జీగా రాశాను. శాసనసభలో అర్జీల కమిటీ ఉంది, దానికి పంపడానికి. రెండు పేజీలే, చిన్నాన్నకు అర్థమయ్యే తెలుగులో. పోయిన ఆదివారం ఊరెళ్ళి రచ్చబండ దగ్గర చదివి వినిపించాను. చిన్నాన్న మొదటి సంతకం పెట్టి, "దీనికి కూడా ఓ జిరాక్సు తియ్యి బాబూ" అన్నాడు. ఆ కాపీ ఇప్పుడు చువ్వకు ఉంది, అన్నిటికంటే పైన.